ల్యాబ్ కోసం జోలె పట్టే ముందు: ఏ దారిలో వచ్చిన డబ్బు పిల్లల బల్ల దాకా చేరుతుంది?

మా పదో తరగతి బ్యాచ్ పాతికేళ్ల సమ్మేళనంలో శాలువాలు, జ్ఞాపికలు, షామియానా, భోజనాలు పోను నలభై వేలు మిగిలాయి. చదువుకున్న బడికి ఏదైనా చేయాలని ఒకరు అనడం, ‘సైన్స్ ల్యాబ్’ అని ఇంకొకరు అందుకోవడం, అందరం చప్పట్లు కొట్టడం పది నిమిషాల్లో అయిపోయింది. వారం తిరిగేసరికి వాట్సాప్ గ్రూపులో మరో డెబ్బై వేలు పోగయ్యాయి. పట్నంలో ఉన్న మిత్రుడొకడు దుకాణానికి వెళ్లి గాజు సామాను, రెండు సూక్ష్మదర్శినులు, డజను బ్యూరెట్లు (ద్రావణాన్ని కొలిచి చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టాలు) కొని కారులో తెచ్చాడు. బీరువా మీద మా బ్యాచ్ పేరు ఎర్ర రంగుతో రాయించాం.

రెండేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఎర్ర అక్షరాలు చెక్కుచెదరలేదు. బీరువా తాళమూ చెక్కుచెదరలేదు. బ్యూరెట్లకు చుట్టిన కాగితం కూడా విప్పలేదు. అందులో బడివాళ్ల తప్పేమీ లేదు. బ్యూరెట్టుతో చేసే టైట్రేషన్ ఇంటర్మీడియట్‌లో గాని రాదు, మేం ఇచ్చింది హైస్కూలుకు.

ఆ తర్వాత ఇలాంటి చందాల పనుల్లో ఇంకో మూడు నాలుగు సార్లు తలదూర్చాను. కొన్ని కుదిరాయి, కొన్ని బెడిసికొట్టాయి. ప్రభుత్వ బడిలో సైన్స్ చదువుకు డబ్బు పోగుచేయడానికి ఇప్పుడు కనీసం అయిదారు దారులున్నాయి. ఏది మంచిదని అడిగితే ఒక్కమాటలో చెప్పలేను. ఎంత డబ్బు, ఎవరి దగ్గర నుంచి, బడిలో దాన్ని వాడే మనిషి ఎవరు అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి దారి మారుతుంది. మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే మాత్రం మిగతా రెండింటి జోలికి పోవద్దనే నా సలహా.

ముందు చీటీ, తర్వాత చందా

ఫిజికల్ సైన్స్, బయాలజీ చెప్పే ఉపాధ్యాయులతో ఓ గంట కూర్చోండి. హెచ్.ఎం. గదిలో కాదు, ల్యాబ్ అని బోర్డున్న గదిలో. చాలాచోట్ల ఆ గదిలో పాత బల్లలు, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఉంటాయి. అది చూడటమూ అవసరమే. ఏయే ప్రయోగాలు చేయించాలనుకుంటున్నారో వాళ్ల చేతి రాతతోనే చీటీ రాయించుకోండి. పదో తరగతికైతే కుంభాకార కటకాలు, పుటాకార దర్పణాలు, వి-స్టాండ్లు, ఓమ్ నియమానికి అమ్మీటరు, వోల్టుమీటరు, నిక్రోమ్ తీగ, ఆమ్లాల పాఠానికి జింకు ముక్కలు, సజల హైడ్రోక్లోరికామ్లం, ఫినాఫ్తలీన్, మిథైల్ ఆరెంజ్, లిట్మస్ కాగితాలు. ఇలా వస్తుంది చీటీ. ఇందులో ఖరీదైనవి తక్కువ. ఒకే కటకాన్ని యాభై మంది పిల్లలు దూరం నుంచి చూడటానికీ, అయిదుగురికో కటకం చేతికి అందడానికీ ఉన్న తేడా కొన్ని వందల రూపాయలే.

చీటీని రెండుగా విడదీయండి: నిలిచి ఉండేవి, అరిగిపోయేవి. దాతలందరికీ మొదటి రకం మీదే ప్రేమ. సూక్ష్మదర్శిని పక్కన నిలబడి ఫోటో దిగొచ్చు, దాని మీద పేరు రాయించుకోవచ్చు. లిట్మస్ కాగితం మీద ఎవరి పేరు రాస్తారు? కానీ ల్యాబులు మూతపడేది సూక్ష్మదర్శిని లేక కాదు, ఆగస్టులో అయిపోయిన ఆమ్లం సీసా మళ్లీ రాక. బడికి ప్రభుత్వ పథకం సమగ్ర శిక్ష కింద ఏటా కాంపోజిట్ గ్రాంటు, అంటే అన్ని ఖర్చులకూ కలిపి ఇచ్చే సొమ్ము, ఉంటుంది. 101 నుంచి 250 మంది పిల్లలుంటే 50 వేలు, 251 నుంచి వెయ్యి మంది వరకు 75 వేలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ అందులోంచే. సైన్స్ వంతు వచ్చేసరికి డబ్బా అడుగు కనిపిస్తుంది. అందుకే ఒక్కసారి వచ్చే లక్ష కన్నా ఏటా జూన్‌లో తప్పకుండా వచ్చే పదిహేను వేలు బడికి ఎక్కువ మేలు చేస్తాయి. కింద చెప్పే దారుల్లో ఏది దేనికి పనికొస్తుందో తూచేటప్పుడు నేను ముందుగా చూసేది ఇదే.

బ్యాచ్ చందా

లక్ష లోపు పనికి దీన్ని మించిన దారి లేదు. ఇచ్చేవాళ్లకు బడి తెలుసు, అడిగేవాళ్ల ముఖం తెలుసు, మధ్యలో కమిషన్ లేదు. బడివాళ్ల చీటీ సోమవారం వస్తే శనివారానికి సామాను చేరుతుంది. ప్రతి జూన్‌లో మళ్లీ అడగొచ్చు, అరిగిపోయేవాటికి ఇదే సరైన నిధి.

చిక్కంతా లెక్కలో ఉంది. సాధారణంగా ఎవరో ఒకరి ఫోన్ నంబరు ఇచ్చి ‘దీనికి పంపండి’ అంటారు. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50 వేలకు మించి ఊరికే వచ్చిన డబ్బును ఆదాయపు పన్ను చట్టం ఆదాయంగా లెక్కగట్టవచ్చు. అది బడి కోసం వచ్చిందని రుజువు చూపాల్సిన బరువు ఆ మిత్రుడి నెత్తిన పడుతుంది. పైగా మనలో మనకు అనుమానాలు. ‘మొత్తం ఎంత వచ్చింది?’ అని ఎవరైనా గ్రూపులో ఒక్క ప్రశ్న వేస్తే చాలు, పాతికేళ్ల స్నేహం పలచబడుతుంది. మేం ఆఖరికి కనిపెట్టిన ఉపాయం చాలా చిన్నది: డబ్బు ఎవరి ఖాతాకీ రాదు. దుకాణం ఇచ్చిన అంచనా బిల్లును గ్రూపులో పెడతాం, ఎవరి వంతు వారు నేరుగా దుకాణం ఖాతాకే కడతారు. బిల్లు హెచ్.ఎం. పేరిట, బడి చిరునామాతో. సామాను వచ్చాక స్టాక్ రిజిస్టరులో ఎక్కించిన పేజీ ఫోటో గ్రూపుకు రావాలి. రిజిస్టరులో ఎక్కని వస్తువు బడిది కాదు, ఎప్పుడు మాయమైనా అడిగే దిక్కుండదు.

ఏటా చేయాలనుకునేవారు సంఘం నమోదు చేయించుకోవడం మంచిది. తెలుగు రాష్ట్రాలు రెంటిలోనూ 2001 నాటి సొసైటీల నమోదు చట్టం కింద ఏడుగురుంటే సరిపోతుంది. సంఘం పేరిట ఖాతా, ఇద్దరి సంతకాలు, ఏడాదికో లెక్క. కాస్త విసుగు పుట్టించే పనే. కానీ తర్వాత కంపెనీల దగ్గరికి వెళ్లాలంటే ఈ గడప దాటక తప్పదు.

విద్యాంజలి

2021 సెప్టెంబరులో కేంద్ర విద్యాశాఖ కొత్త రూపంలో తెచ్చిన ఆన్‌లైన్ వేదిక ఇది. బడి తన యూడైస్ కోడ్‌తో (ప్రతి బడికీ ఉండే గుర్తింపు సంఖ్య) నమోదై, తనకు కావలసిన వస్తువులను, సేవలను అందులో పెడుతుంది. ఇవ్వదలచినవారు ముందుకొస్తారు. ఇది చందా పళ్లెం కాదు, వస్తువులకూ సేవలకూ ఉద్దేశించింది. వస్తువు నేరుగా బడికి చేరుతుంది, ఎవరిచ్చారో నమోదవుతుంది. డబ్బు చేతులు మారదు గనుక అపవాదులకు తావు తక్కువ.

నేను చూసినంతలో కొరత ఒకటే. బడి తరఫున అందులో అవసరాలు పెట్టే తీరిక ఎవరికీ ఉండదు. పాస్‌వర్డు పాత హెచ్.ఎం.తో పాటే బదిలీ అయిపోయి ఉంటుంది. పూర్వ విద్యార్థి ఒకరు ఓ పూట బడిలో కూర్చుని ఆ పని పూర్తిచేయించగలిగితే, ఊరితో సంబంధం లేని దాతలు కూడా కనిపిస్తారు. డబ్బు కాక తీరిక ఉన్నవారికి దీనిలో ఇంకో సౌకర్యం ఉంది. నెలకో రెండు పూటలు వచ్చి ప్రయోగాలు చేయిస్తానని కూడా నమోదు చేసుకోవచ్చు. పదవీ విరమణ చేసిన లెక్చరర్లు ఊరికొకరైనా ఉంటారు, అడిగేవాళ్లే లేరు.

ఆన్‌లైన్ చందా వేదికలు

మిలాప్, కెట్టో వంటివి మన దగ్గర అందరికీ తెలిసినవే. పరిచయం లేనివారి దాకా మన మాట వెళుతుందన్నది వీటి బలం. కానీ ఆ పేజీలు తెరిచి చూడండి: గుండె ఆపరేషన్‌కు సాయమడిగే పసిబిడ్డ ఫోటో పక్కన మన బీకర్ల విజ్ఞప్తి. ఎవరైనా దేనికి ఇస్తారు? ఇవ్వాల్సింది కూడా దానికే. నేను పాలుపంచుకున్న ఒక ఆన్‌లైన్ ప్రయత్నంలో వచ్చిన డబ్బులో దాదాపు అంతా మా వాళ్లే వేశారు. అంటే వేదిక ద్వారా కొత్తగా వచ్చిన దాత లేడు, బ్యాచ్ చందానే చుట్టు తిప్పి తెచ్చుకున్నాం. చెల్లించేటప్పుడు ‘టిప్’ పేరిట ముందే టిక్ పెట్టి ఉన్న మొత్తాన్ని గమనించక కొందరు అదనంగా కట్టారు కూడా. ఈ దారి పట్టేవారు దాతలకు ఆ టిక్ సంగతి ముందే చెప్పాలి.

అమెరికాలో డోనర్స్‌చూజ్ అనే సంస్థ ఈ పనిని వేరే తీరులో చేస్తోంది. 2000లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక బడిపంతులు, చార్లెస్ బెస్ట్, మొదలుపెట్టాడు. అక్కడి ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు తమ తరగతికి ఏం కావాలో, ఎందుకు కావాలో రాస్తారు. దాతలు నచ్చిన తరగతిని ఎంచుకుని ఎంతో కొంత ఇస్తారు. మొత్తం నిండాక సంస్థ ఉపాధ్యాయుడికి డబ్బు ఇవ్వదు, ఆ వస్తువులను తానే కొని బడికి పంపుతుంది. అడిగేది ఉపాధ్యాయుడు, కొనేది సంస్థ, చూసేది దాత. ఈ మూడు పాత్రలూ కలగాపులగం కాకపోవడమే అందులో కిటుకు. అక్కడ స్థిరపడిన మనవాళ్లు తాము ఉంటున్న అక్కడి ఊళ్లోని పేద బడులకు సాయం చేయాలనుకుంటే అది తేలికైన దారి. మన ఊరి బడికి మాత్రం అది వర్తించదు. అయినా, దుకాణానికే డబ్బు కట్టాలన్న మా ఉపాయానికి ధైర్యం వచ్చింది అక్కడి నుంచే.

పని తెలిసిన సంస్థకు ఇవ్వడం

కొన్ని బడుల్లో సైన్స్ ఉపాధ్యాయుడి పోస్టే ఖాళీ. అలాంటిచోట పరికరాలు కొనివ్వడం అంటే బీరువాకు కానుకలివ్వడమే. అక్కడ కావలసింది మనిషి. కుప్పంలో 172 ఎకరాల ఆవరణ ఉన్న అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 1999 నుంచి చేస్తున్నది ఈ పనే. ప్రయోగ సామగ్రి నిండిన వ్యాను, దాంతో పాటు బోధకుడు, బడి ముంగిటికే వస్తారు. మోటారు సైకిలు మీద ల్యాబ్ పెట్టె మోసుకెళ్లే ఏర్పాటు కూడా వాళ్లకుంది. ఉపాధ్యాయులకు శిక్షణ కూడా ఇస్తారు. 1988లో పుట్టిన జన విజ్ఞాన వేదికది ఇంకో బాట: చెకుముకి పత్రిక, చెకుముకి సైన్స్ సంబరాలు, ఊరూరా కార్యకర్తలు. పెద్ద పరికరాల జోలికి పోకుండా పిల్లల్లో ప్రశ్న అడిగే అలవాటు పెంచడం మీదే వాళ్ల దృష్టి.

ఇలాంటి చోటికి ఇచ్చే రూపాయి మీ బడికే వెళుతుందని చెప్పలేం. దాతకు అది మింగుడుపడని మాట. ‘మా ఊరికి రాని డబ్బు నేనెందుకివ్వాలి?’ అని మా గ్రూపులోనే వాదన జరిగింది. నా మటుకు నాకు, ఉపాధ్యాయుడు లేని బడిలో నా పేరున్న బీరువా కన్నా, పక్క మండలంలో నా పేరు తెలియని పిల్ల చేతిలో అయస్కాంతం మేలు. కానీ ఇది స్వభావాన్ని బట్టి ఉండే విషయం, ఎవరినీ ఒప్పించలేకపోయాను.

కంపెనీల సి.ఎస్.ఆర్. (సామాజిక బాధ్యత) నిధులు

ల్యాబ్ గది కట్టాలన్నా, మండలంలోని పది బడులకు ఒకేసారి చేయాలన్నా బ్యాచ్ చందాలు చాలవు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. విద్య ఆ జాబితాలో ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. కాబట్టి ముంబయిలోని ప్రధాన కార్యాలయానికి ఈమెయిళ్లు పంపే ముందు, మీ ఊరి పొలిమేరలో పొగ వదులుతున్న సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లండి. మందుల కంపెనీ, విద్యుత్తు కేంద్రం, ఏదైనా సరే.

అయితే వాళ్లు మీ చేతికి డబ్బివ్వరు. ఈ నిధులు అందుకునే స్వచ్ఛంద సంస్థ కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదై ఉండాలి, మూడేళ్ల అనుభవం చూపాలి. నిన్న పుట్టిన పూర్వ విద్యార్థుల సంఘానికి ఇది కుదరదు. అర్హత ఉన్న సంస్థతో కలిసి వెళ్లడమే మార్గం. ఇంకొకటి, కంపెనీల లెక్క ఏప్రిల్‌తో మొదలై మార్చితో ముగుస్తుంది. ఫిబ్రవరిలో వెళితే మిగిలిన డబ్బు హడావిడిగా ఖర్చుపెట్టే తొందరలో, చీటీలో లేని వస్తువులు అంటగడతారు. ప్రొజెక్టర్లు ఎక్కువగా వచ్చేది ఆ నెలల్లోనే. బడ్జెట్లు వేసుకునే వేళకు ముందే, చలికాలం మొదట్లో వెళ్లడం నయం. కంపెనీలది నిలిచి ఉండే వస్తువుల నిధి. లిట్మస్ కాగితాలకు వాళ్లను నమ్ముకోకూడదు.

కనీసం 6 నుంచి 10 వరకు తరగతులున్న బడి అయితే అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు అవకాశం ఉందేమో కనుక్కున్నాకే కంపెనీ గడప తొక్కడం తెలివైన పని. నీతి ఆయోగ్ పథకం కింద ఎంపికైన బడికి అయిదేళ్లలో 20 లక్షల వరకు వస్తాయి, అందులో సగం సామగ్రికి, సగం నిర్వహణకు. అయిదేళ్లలో 50 వేల ప్రభుత్వ బడుల్లో ఇవి పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అందులో వచ్చేవి సెన్సార్లు, ఎలక్ట్రానిక్స్, త్రీడీ ప్రింటరు వంటివి. మామూలు పాఠ్యపుస్తక ప్రయోగాలకు అది బదులు కాదు.

డాలర్లు పంపే మిత్రులు

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ప్రతి బ్యాచ్‌లోనూ నలుగురు విదేశాల్లో ఉంటారు, చేతికి ఎముక లేనివారూ వాళ్లలోనే ఉంటారు. ఆ నలుగురిలో ఎవరి దగ్గర ఏ పాస్‌పోర్టు ఉందో ముందు అడగాలి. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతివారికిచ్చే ఓ.సి.ఐ. కార్డున్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వాళ్ల విరాళం తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్.సి.ఆర్.ఎ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అలా వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు మళ్లించడం 2020 సవరణతో నిషేధం. కాబట్టి ‘నువ్వు వాళ్లకు పంపు, వాళ్లు మాకిస్తారు’ అనే మాట చెల్లదు. బ్యాచ్ మిత్రుడి ఖాతాకు అయిదు వందల డాలర్లు వస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. చిక్కుల్లో పడేది డాలర్లు పంపినవాడు కాదు, ఊళ్లో ఉండి అందుకున్నవాడు.

వాళ్లకు తగిన దారి, అమెరికాలో నమోదై ఇక్కడ పనిచేసే సంస్థలు. 1991లో బర్క్‌లీ విద్యార్థులు మొదలుపెట్టిన ఆశా ఫర్ ఎడ్యుకేషన్ అలాంటిది, స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతారు. అక్కడ ఇస్తే దాతకు అక్కడి పన్ను మినహాయింపు వస్తుంది. ఉద్యోగి ఎంత ఇస్తే అంతా తామూ జతచేసే కంపెనీలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ జతను వదులుకోవడం తెలివితక్కువ పని.

80జి గురించి ఓ మాట

చందా అడగగానే ‘80జి ఉందా?’, అంటే ఇచ్చినదానికి ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందా, అని అడిగేవారు ప్రతి గ్రూపులో ఉంటారు. లెక్క చూద్దాం. పదివేలు ఇస్తే సాధారణంగా అందులో సగం, అయిదువేలు, ఆదాయం నుంచి తీసేస్తారు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి మిగిలేది 1,560 రూపాయలు. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే, కొత్త విధానంలో ఉన్నవారికి పైసా రాదు. రెండు వేలకు మించిన నగదుకు రాదు, వస్తువుల రూపంలో ఇచ్చినదానికి అసలే రాదు. అంటే దుకాణానికి నేరుగా కట్టే మా పద్ధతిలో 80జి ప్రసక్తే లేదు. ఈ లెక్క గ్రూపులో పెట్టాక ఆ ప్రశ్న వేసేవారు సగానికి సగం తగ్గారు. పెద్ద మొత్తం ఇచ్చేవారు, పాత విధానంలో ఉన్నవారు మాత్రం నమోదైన సంస్థకే ఇచ్చి, విరాళం ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి.

మేం ఇప్పుడు చేస్తున్నది

అరిగిపోయేవాటికి ప్రతి జూన్‌లో బ్యాచ్ చందా, మనిషికి అయిదు వందలు. ల్యాబ్ గది పైకప్పు కారుతోంది, దానికోసం ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి దగ్గర్లోని ఫ్యాక్టరీకి అర్జీ పెట్టాం. ఇంకా తేలలేదు. అమెరికా మిత్రులు ముగ్గురు తమ డబ్బు మా బడికి కాక ఆశాకు ఇస్తున్నారు. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు, ఇప్పుడు అలవాటైంది. ఆన్‌లైన్ వేదికల జోలికి మళ్లీ పోలేదు.

నిరుడు బదిలీల్లో మా ఫిజికల్ సైన్స్ మేడమ్ వెళ్లిపోయారు. వెళ్లే ముందు బీరువా తాళంచెవి, స్టాక్ రిజిస్టరు హెచ్.ఎం.కు కాకుండా తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరిని పక్కన పెట్టుకుని కొత్తగా వచ్చిన మాస్టారికి అప్పజెప్పారట. ఏ వస్తువు ఎక్కడుందో ఆ పిల్లలకే బాగా తెలుసు గనుక. జూన్ రెండో వారంలో మాస్టారి దగ్గర నుంచి చీటీ వచ్చింది. మొదటి వరుసలో మెగ్నీషియం రిబ్బను, రెండో వరుసలో అయోడిన్ ద్రావణం, చివర్లో ఒక ప్రశ్న: ‘బీరువాలో డజను బ్యూరెట్లు ఉన్నాయి, జూనియర్ కాలేజీకి ఇచ్చేయమంటారా?’